వరుస చివర

పదకొండు రోజులుగా ఒక రహస్యాన్ని
టిఫిన్ డబ్బాతో పాటు మోస్తున్నాను.
29సి బస్సులో పక్కన కూచున్నామె
మల్లెపూలు మూర ఎంతని అడిగినా
ఆచితూచి జవాబు చెప్పాను.

తోమాజ్ అనే కుర్రాడు, ఏ దేశమో తెలీదు,
నాలుగు ముక్కల ఉత్తరం రాశాడు:
మీ వెర్షన్ కంట్రోల్‌లో కంత ఉంది.
నా ప్రాజెక్టును ఎవరు కాపీ తెచ్చుకున్నా
వాళ్ల మెషీన్‌లో నా మాట నడుస్తుంది.
ఎవరికీ చెప్పలేదు. మీరు సరిచేశాకే చెబుతాను.
దొంగ కాదు. దొంగ వచ్చే దారి చూపించి
గుమ్మం బయటే చెప్పులేసుకుని నిలబడ్డ మనిషి.

వెతికాను.
ఫోల్డరు దారి చివర ఒక అక్షరం.
కంటికి ఆనదు, నోటికి పలకదు.
రాసేటప్పుడు ఉంటుంది,
చదివేటప్పుడు ఉండదు.
రాసిన దారి ఒకటి, చదివిన దారి ఇంకోటి.
ఆ రెంటి నడుమ వెంట్రుకవాసి సందులోంచి
ఒక స్క్రిప్టు ఒళ్లు వంచుకుని లోపలికి దూరుతుంది.

అరసున్న అలా కాదు పాపం.
పలక్కపోయినా పాత పుస్తకాల్లో
పదం మధ్య ముడుచుకుని కనబడుతూ ఉండేది.
ఎవరి కొంపా ముంచలేదు.

దీని పేరు క్యారేజ్ రిటర్న్.
పేరు చదవగానే నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది.
పేపర్ మిల్స్ రోడ్డు, మేడమీద,
మంగైయర్కరసి టీచర్ టైపు ఇన్‌స్టిట్యూట్.
వరుస చివరికొచ్చిందని గంట కొడితే
లివర్ పట్టుకుని బండిని వెనక్కి తోసేదాన్ని.
ఆలస్యమైతే స్కేలు, వేళ్ల కణుపుల మీద.
గంట పోయింది, లివర్ పోయింది, బండి తూకానికి పోయింది.
ఆ తోపు మాత్రం అక్షరమై మిగిలి
ఇన్నేళ్లుగా వరుసల చివర నక్కి కూచుంది.

ఇక అసలు సంగతి.
ఏ వరుస ఎవరు రాశారో మా సాఫ్ట్‌వేర్‌నే అడగొచ్చు.
ఆ కమాండు పేరే నింద.
దానికి మొహమాటం లేదు, మరపు లేదు.
రాత్రి ఒంటిగంటకి కొట్టాను.
వరుస పక్కన వచ్చింది:
దేవసేన పి., నవంబర్ 2015.

దేవసేనని నేనే.

గుర్తొచ్చింది. వానలు.
వ్యాసర్‌పాడి సబ్‌వే నిండి బస్సులు ఆగిపోయిన వారం.
ఇన్వర్టర్ కీచుమంటోంది.
అది చచ్చేలోపు పంపెయ్యాలని
రెండు పరీక్షలు రాయకుండా వదిలేశాను.
తాంబరంలో మోకాటిలోతు నీళ్లలోంచి
పూంగొడి చూసి 'సరి' అంది.
తమిళంలోనూ సరే, తెలుగులోనూ సరే.

పదేళ్లు.
ఆస్పత్రి సర్వర్లో, ఏదో చిట్‌ఫండ్ ఆఫీసులో,
ఎవరో పిల్ల మొదటి లాప్‌టాప్‌లో
నా వరుస తలుపు వారగా తీసి పెట్టుకుని ఉంది.
ఎవరైనా దూరారా?
తెలీదు. తెలుసుకునే దారీ లేదు.

మందు ఎంతనుకున్నారు? రెండు కొటేషన్ గుర్తులు.
ఆ దారికి అటొకటి, ఇటొకటి.
చొక్కాకి ఊడిన గుండీ కుట్టినంత పని.
పరీక్షలు మాత్రం ఈసారి ముప్పై ఏడు రాశాను.

కష్టమంతా మార్పు కింద రాయాల్సిన ఒక్క వాక్యంతోనే.
'కంత పూడ్చాను' అని రాస్తే
ఇంకా పాతది వాడుతున్న వాళ్ల తాళంచెవి
బజార్లో వేలాడదీసినట్టు.
అందుకని,
'దారి పేర్లకు గుర్తుల సవరణ' అన్నాను.
పదేళ్ల సిగ్గు
ఇంత చప్పటి వాక్యంలో పడుతుందని నాకు తెలీదు.

పూంగొడి ఈసారి 'సరి' అనలేదు.
మూడు ప్రశ్నలేసింది. నాలుగోది మర్నాడు.
పాత వరుసని చెరిపెయ్యలేమని ఇద్దరికీ తెలుసు.
చరిత్రలో అది అలాగే ఉంటుంది, నా పేరుతో,
ఆ తేదీతో, వాన సంగతి మాత్రం లేకుండా.

మంగళవారం రాత్రి పదిన్నరకి విడుదల.
బాల్కనీలోకొచ్చి నిలబడ్డాను.
కింద సెల్వం స్కూటర్‌కి తాళం వేసి
రెండడుగులు నడిచి
వెనక్కొచ్చి
హ్యాండిల్ లాగి చూసుకున్నాడు.
మళ్లీ ఇంకోసారి.